పొలిమేర మీది సరస్సు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినారు. నేను పండితుడను కాను. గ్రామలెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. పగలు సర్వే నంబరులు, రాత్రి భారత భాగవతములు; ఇదియే నా చదువు. ఆ రెండవ చదువునకు నాకు దొరకిన గురువు ఈ గ్రంథాలయపు బీరువాయే. గురువునకు దక్షిణ చెల్లింపవలయును గదా! నా కడ నున్నది లెక్క యొక్కటియే. కావున ఒక నీటి లెక్కను మీ ముందు పెట్టుచున్నాను.

కడప సీమలో పోరుమామిళ్ళ యను ఊరు కలదు. అచ్చట గొప్ప చెఱువొకటి యున్నది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దానిని కట్టించి, 1369 లో సంస్కృత శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పని చేసినట్లు అందున్నది. ఆ రాతి లెక్కను తలచుకొనినప్పుడెల్ల, ఆ శాసనము వ్రాసినవాడు కవియే గాక మంచి లెక్కలవాడు గూడ అయి యుండునని నాకు తోచును.

ఆ శాసనములో మంచి చెఱువునకు కావలసిన అంగములు పండ్రెండును, దోషములు ఆఱును చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట, చౌడు నేల, చెఱువు నడుమ మెట్ట యుండుట, నీరు స్వల్పమై నేల విశాలమగుట, నేల స్వల్పమై నీరు అధికమగుట, ఇవి యైదు. మిగిలిన దోషమేమనగా, చెఱువు రెండు రాజ్యముల యెల్లపై నుండుట.

నేను మొదట చదివినప్పుడు ఈ దోషమును అంతగా పట్టించుకొనలేదు. తక్కిన యైదును నేలకును నీటికిని చెందిన దోషములు. ఇది యొక్కటి మాత్రము మనుష్యులకు చెందినది. నేల మంచిదే కావచ్చును, వాన సమృద్ధిగా కురియవచ్చును, కట్ట గట్టిగా నుండవచ్చును. అయినను ఇరువురు ఏలికల నడుమ నున్న చెఱువు చెడును. ఇది ఎంత అనుభవము మీద చెప్పిన మాటయో తర్వాత తర్వాత నాకు బోధపడినది.

కట్టుకొను చెఱువునకైన తావు మార్చుకొనవచ్చును. దైవము త్రవ్విన సరస్సు యెల్లపై పడినయెడల నేమి చేయుదుము? అట్టి సరస్సు మన తెలుగువారికి ఒకటి కలదు. అదియే పులికాట్ సరస్సు.

ఆ తీరమున నుండు తెలుగువారు దానిని ప్రళయకావేరి యనిరి. తమిళులు పళవేర్కాడు అందురు. 1613 లో డచ్చివారు అచ్చట గెల్డ్రియా యను కోటను కట్టుకొని వర్తకము చేసిరి. భారతదేశమున ఉప్పునీరును మంచినీరును కలిసిన సరస్సులలో ఒరిస్సాలోని చిలికా మొదటిది, ఇది రెండవది. ఉత్తర దక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున్నది. దీనికిని బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి అడ్డముగా పడుకొని యున్నది. ఆకాశమునకు రాకెట్లు పంపు స్థావరము అదియే. సరస్సులో అధికభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణపు కొన తమిళనాడునను ఉన్నవి. ఇంత పెద్ద సరస్సైనను లోతు చాల చోట్ల మనుష్యుని నడుము దాటదు. లోతు లేని నీటికి ఆయుర్దాయము పరుల చేతిలో నుండును. ఈ మాటను గుర్తుంచుకొనుడు.

ఇక దీని జమాఖర్చు చూతము. జమ మూడు విధములు. కార్తీక మార్గశిరముల నాటి ఈశాన్యపు వాన మొదటిది. దక్షిణమున ఆరణి నది, ఉత్తరమున కాళంగి నది తెచ్చు మంచినీరు రెండవది. పోటు వేళ ముఖద్వారములగుండ లోనికి వచ్చు సముద్రపు నీరు మూడవది. ఖర్చు రెండు విధములు: ఎండకు ఆవిరి యగునది, ఆటు వేళ తిరిగి కడలికి పోవునది. వానకాలమున సరస్సు నీరు ఇంచుమించు తియ్యనగును. వేసవిలో కొన్ని తావుల సముద్రముకన్న ఉప్పనగును. ఈ తీపి ఉప్పుల మార్పుమీదనే అచ్చటి ప్రాణికోటి బ్రతుకుచున్నది.

రొయ్యను చూడుడు. అది సముద్రములో పుట్టును. గోరంతైనను లేని పిల్లగా నుండగా పోటుతో సరస్సులోనికి వచ్చును. లోతులేని వెచ్చని నీటిలో, గడ్డి నడుమ, పెద్ద చేపలకు దొరకక పెరుగును. పెరిగిన పిదప మరల కడలికి పోయి గ్రుడ్లు పెట్టును. సముద్రము దానికి పుట్టిల్లు, సరస్సు దానికి బడి. బడి వాకిలి మూసినయెడల చదువెట్లు సాగును? పీతలలోను చేపలలోను అనేకములకు ఇదియే గతి. రొయ్య రానినాడు వల ఖాళీ, వల ఖాళీ యైననాడు కుప్పములో పొయ్యి వెలుగదు.

పక్షుల సంగతియు నట్టిదే. చలికాలమున వేల సంఖ్యలో ఫ్లెమింగోలు ఆ పలుచని నీటిలో దిగి, ముక్కు తలక్రిందుగా పెట్టి, బురదలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తినును. సూళ్ళూరుపేట దగ్గఱ నేలపట్టు చెఱువులో చెట్లపై గూడబాతులు పిల్లలు చేయును. పులికాట్‌లో మేత మేయును. నేలపట్టు రైతులు ఆ పక్షుల జోలికి పోరు. రెట్ట కలిసిన చెఱువు నీరు పొలమునకు ఎరువగునని వారెఱుగుదురు. ధర్మమును లాభమును ఒకే కాలువలో పారినప్పుడు కాపలా యక్కఱలేదు.

ఈ జమాఖర్చునకు వాకిళ్ళు ముఖద్వారములు. అవి మూడు. ఉత్తరమున తూపిలిపాళెము, నడుమ రాయదొరువు, దక్షిణమున పళవేర్కాడు. మొదటి రెండును ఆంధ్రప్రదేశమున నున్నవి, మూడవది తమిళనాడున నున్నది. తీరము వెంబడి కడలి ఇసుకను ఎడతెగక నడిపించుచుండును. నదులు బలముగా పారిననాడు ఆ ఇసుకను త్రోసివేయును. ఎగువ నీరు ఆగి నది బలహీనమైననాడు ఇసుక గెలుచును, మేట పెరుగును, వాకిలి పూడును. ఉత్తరపు రెండు వాకిళ్ళకును ఈ గతియే పట్టినది. దీనికి తోడు సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు సరస్సు నడుమగా వేసిన రోడ్డుకట్ట నీటి నడకను కొంత నిలిపినది. ఉత్తరభాగము వేసవి వచ్చుసరికి బీటలువారిన బురదనేల యగుచున్నది.

అప్పుడేమి జరుగును? ఉత్తరపు జాలరి పడవను దక్షిణమునకు త్రిప్పును. అచ్చటి జాలరి తన నీటిలోనికి వచ్చితివేమని అడ్డగించును. ఇతడు మీ పడవలు మా వైపునకు రాలేదా యని ఎదురడుగును. మాట పెరిగి వలలు చినుగును. ఈ కలహమునకు మూలము జాలరుల దుష్టబుద్ధి కాదు, ఇసుకమేట. ఇసుక మేట వేసినచోటనే పగయు మేట వేసినది.

ఆ జాలరులలో అనాదినుండి ఒక చక్కని కట్టుబాటున్నది. దానిని పాడు అందురు. మంచి తావులు అందరికిని ఒకేమాఱు దొరకవు గావున, ఎవరి వంతు ఏనాడు, ఏ తావున వల కట్టవలెనో చీట్లు వేసి నిర్ణయించుకొందురు. నేడు మంచి తావు దొరకినవానికి రేపు మామూలు తావు. చదువు రానివారని మనము తలచువారు కనిపెట్టిన న్యాయమిది. అయితే ఆ న్యాయము పొలిమేర దాటలేదు. కుప్పములో నున్న ధర్మము రాష్ట్రమునకు రాలేదు.

పొలిమేర ఎప్పుడు వచ్చినది? 1953 అక్టోబరు 1 వ తేదీ వఱకు సరస్సంతయు మద్రాసు రాష్ట్రములోనే యుండెను. లెక్క ఒకటియే, దస్త్రము ఒకటియే. నాడు ఆంధ్రరాష్ట్రము వేఱుపడినది. పిమ్మట 1959 లో సరిహద్దుల మార్పు చట్టము వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుండి అమలయినది. రాష్ట్రము కోసము మనవారు చేసిన త్యాగమును నేను తక్కువ చేయుటలేదు. కాని అన్నదమ్ములు భాగములు పంచుకొన్నప్పుడు, బావిని నడిమికి కోయుదురా? నీరు ఉమ్మడిగా నుంచుకొని గట్టుమీద వంతులు వ్రాసికొందురు. ఇచ్చట ఆ వంతులు వ్రాసికొనుట మఱచిరి. ఆంధ్రప్రదేశము తన భాగమును 1976 లో పక్షుల రక్షితస్థలముగా ప్రకటించెను. తమిళనాడు తన భాగమును 1980 లో ప్రకటించెను. రెండును మంచి పనులే. కాని ఒక్క సరస్సునకు రెండు దస్త్రములు.

రెండు దస్త్రములు ఏమి చేయగలవో నాకు తెలియును. చెప్పుటకు సిగ్గుగా నున్నను ఈ సభలో చెప్పెదను. నేను పని చేసిన ఒకచోట ఒక చిన్న చెఱువుండెను. ఊరి పేరు చెప్పను. రెండు గ్రామముల పొలిమేర దాని శిఖము నడుమగా పోవుచుండెను. నా భాగము నా పహాణీలో, పొరుగు భాగము పొరుగువాని పహాణీలో. పడమటి వైపున చెఱువులోనికి నీరు తెచ్చు వాగును ఎవరో పూడ్చుట నేను కన్నులార చూచితిని. అది నా గ్రామము కాదు గనుక వ్రాయలేదు. నా వైపునుండి మురుగు లోనికి దిగుట ఆయన చూచినాడు. అది ఆయన గ్రామము కాదు గనుక ఆయన వ్రాయలేదు. ఏటేట ఇరువురమును శిఖము విస్తీర్ణమును తప్పులేకుండ ఎక్కించితిమి. తనిఖీకి వచ్చిన అధికారి నా దస్తూరిని మెచ్చుకొనెను. పదేండ్ల పిదప మత్తడి పోయుట మానినది. ఇంకొన్నేండ్లకు అచ్చట కట్టయే మిగిలినది. నా లెక్క సరి. ఆయన లెక్క సరి. చెఱువు లేదు.

ఆనాడు ఆ కట్టమీద నిలువబడినప్పుడు నాకు పోరుమామిళ్ళ శాసనము జ్ఞప్తికి వచ్చినది. దోషము చెఱువునది కాదు, కలము పట్టుకొన్న మా యిద్దఱిదియే యని తెలిసికొంటిని.

ఈ దోషమునకు పరిహారము లేదా? ఉన్నది. ఐరోపాలో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశముల నడుమ కాన్‌స్టాన్స్ అను సరస్సున్నది. అందు ఒక వింత కలదు. ఆ సరస్సు పెద్దభాగమున సరిహద్దు ఎచ్చటనో ఆ మూడు దేశములును నేటి వఱకు ఒప్పందము చేసికొనలేదు. యెల్ల తేలకున్నను వారు ఊరకుండలేదు. పట్టణముల మురుగు, సబ్బులు, పొలముల ఎరువులు చేరి నీటిలో భాస్వరము పెరిగి, నాచు కమ్ముచుండగా, 1959 లో ఉమ్మడి సంఘమును ఏర్పఱచుకొని, ఎగువనే మురుగును శుద్ధిచేయు కేంద్రములు నెలకొల్పిరి. 1979 ప్రాంతమున ఘనమీటరు నీటిలో 80 మిల్లీగ్రాములు దాటిన భాస్వరము నేడు 10 కన్న తక్కువకు దిగినది. నలువది లక్షలకు పైబడిన జనము ఆ నీటిని త్రాగుచున్నారు. నీరు మఱీ తేటపడుటచే చేపల మేత తగ్గినదని అచ్చటి జాలరులు నొచ్చుకొనుటయు కలదు. ఏ మేలును అందఱికి సమముగా రాదు. అందుచేతనే అందఱును కూర్చుండి మాటలాడుకొను చాప యొకటి యుండవలయును.

అమెరికా, కెనడాల నడుమ మహాసరస్సుల విషయమున 1909 లోనే సంధి జరిగినది. దానివలన ఏర్పడిన సంఘములో సభ్యులు ఆఱుగురు: ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. బలవంతునికి ఎక్కువ లేదు, చిన్నవానికి తక్కువ లేదు. 1972 లో నీటి శుభ్రతకై వేఱొక ఒప్పందమును చేసికొనిరి.

అంత దూరమేల? ఈ రెండు రాష్ట్రములే మంచినీటికై చేయి కలిపిన ఉదాహరణ మనకున్నది. మద్రాసు నగరపు దాహము తీర్చుటకు మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము తలకు 5 టీఎంసీల చొప్పున కృష్ణానీటిని విడువ నంగీకరించినవి. ఆంధ్రప్రదేశమునకును తమిళనాడునకును 1983 లో ఒడంబడిక కుదిరినది. తెలుగుగంగ కాలువ త్రవ్వి, 1996 లో పూండి జలాశయమునకు నీరు చేర్చిరి. వందల మైళ్ళ కాలువ త్రవ్వి నీరు పంచుకొన్నవారు, ఒకే నీటిలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నచోట మాటలాడుకొనలేరా?

రాజ్యాంగమున 262 వ అధికరణము అంతర్రాష్ట్ర నదులను, నదీలోయలను గూర్చి చెప్పును. సరస్సు పేరు ఎత్తలేదు. కాని 263 వ అధికరణము రాష్ట్రముల సమ్మతి సహకారములకై మండలిని ఏర్పఱుప వీలిచ్చినది. 1956 నాటి పునర్విభజన చట్టము క్రింద దక్షిణ ప్రాంతీయ మండలియు నున్నది. కూర్చుండుటకు చోటు లేకపోలేదు; కూర్చుండవలెనను బుద్ధి కావలయును.

నా చిన్న బుద్ధికి తోచినవి మూడు పనులు. మొదటిది, సరస్సు అంతటికిని ఒకే కొలత. నీటి మట్టము, ఉప్పదనము, వాకిళ్ళ లోతు ఒకేనాడు, ఒకే పద్ధతిని కొలిచి, రెండు భాషలలో ఒకే దస్త్రమున వ్రాయవలయును. రెండవది, ఏ వాకిలి పూడిక తీసినను ఇరువురకును తెలిసి తీయవలయును. ఒక వాకిలి తెఱచిన సరస్సంతయు కదలును. మూడవది, పాడు కట్టుబాటును పొలిమేర దాటించి, ఇరుతీరముల జాలరి పెద్దలను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టవలయును.

అధికభాగము మనది గదా, సమానముగా నేల కూర్చుండవలెనని ఎవరైన అడుగవచ్చును. ఆంధ్రమున పూడిన వాకిళ్ళు, తమిళనాడున తెఱచిన వాకిలి. పెట్టె ఒకరిది, తాళపుచెవి ఒకరిది. వాటాల లెక్కతో ఆ పెట్టె తెఱువబడదు.

ఈ సందర్భమున యక్షప్రశ్నల కథను తలచుకొనక తప్పదు. తెలుగున ఎఱ్ఱాప్రగ్గడ పూరించిన అరణ్యపర్వశేషములో నున్నది. మీ అందఱికిని తెలిసినదే. కొలని కాపరి మాటకు బదులు చెప్పక నీరు త్రాగిన నలువురును గట్టున కూలిరి. బదులు చెప్పినవాడు ధర్మరాజు. ప్రశ్నలను, ఉత్తరములను మనము బడిలో వల్లెవేసితిమి. కాని కథలోని కీలకము ఆ తర్వాత నున్నది. నలువురిలో ఒక్కని బ్రదికింతు, కోరుకొనుమని యక్షుడనగా, ధర్మరాజు భీముని కోరలేదు, అర్జునుని కోరలేదు; నకులుని కోరెను. కుంతికి కొడుకుగా తానున్నాడు, మాద్రికిని ఒక కొడుకుండవలెనని కారణము చెప్పెను. తన తల్లి బిడ్డలను విడిచి పినతల్లి బిడ్డను కోరినందుననే నలువురును లేచిరి. తన వాటాను మాత్రమే అడిగియుండినచో ఒక్కడే లేచెడివాడు. సరిహద్దు నీటిని గూర్చి ఇంతకు మించిన న్యాయశాస్త్రము నేనెఱుగను.

ఇక మన యింటికి వచ్చెదను. పులికాట్ మనకు దూరము, మనకేమి యని తలపవలదు. ఉప్పల్ నల్లచెఱువు మీద మురుగు వాసన, నాచారము పెద్దచెఱువు చుట్టును పెరిగిన గోడలు మీరు నిత్యము చూచుచున్నారు. ఉప్పల్ వారిని అడిగిన ఎగువవారి మురుగందురు. నాచారము వారిని అడిగిన పరిశ్రమలవారి పని యందురు. నేను ఆ చిన్న చెఱువు విషయమున పలికినదియు ఇట్టి మాటయే.

మన మురుగు మన ఊరనే నిలుచునా? పల్లమెఱిగి మూసీలోనికి దిగును. మూసీ నల్లగొండ సీమలో వాడపల్లి కడ కృష్ణలో కలియును. 2014 జూన్ 2 తర్వాత ఆ కృష్ణ అచ్చట రెండు తెలుగు రాష్ట్రములకు ఎల్ల. అనగా మన వీధి కాలువలో మనము వదలినది పొలిమేర నీటిలోనికి పోవుచున్నది. పులికాట్ వారికి నీతి చెప్పు మనము, వేఱొక పొలిమేరకు ఎగువవారము.

కావున ఈ రజతోత్సవమునాడు ఒక చిన్న కోరిక కోరుచున్నాను. గ్రంథాలయమున ఒక బైండు పుస్తకము పెట్టుడు. నెలకొక ఆదివారము మన యువకులు రెండు చెఱువులను చూచి, నీటి మట్టము, రంగు, వాసన, లోనికి దిగు కాలువలు, వాలిన పక్షులు వ్రాయవలయును. అయితే ఒక నియమము: నాచారము పిల్లలు ఉప్పల్ చెఱువును, ఉప్పల్ పిల్లలు నాచారము చెఱువును చూచి వ్రాయవలయును. ఎవరి చెఱువును వారే వ్రాసికొనిన ఏమగునో నా కథలో వింటిరి. పుస్తకమొకటి, కలములు రెండు. ఏడాది చివర దానిని సభలో చదివి, అధికారులకు నకలు పంపుదము. మొదటి పుటకు గీతలు గీయుట నా పని.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము రెండు ఊళ్ళవారికి ఒకే తలుపు తెఱచినది. పుస్తకము తీసికొనువానిని నీదే ఊరని అడుగలేదు; తిరిగి తెచ్చెదవా యని మాత్రమే అడిగినది. నీటిని తీసికొనువానిని గూడ అడుగవలసిన ప్రశ్న అదియే.